జింక వేటకి వెళ్లేముందు ఎంత ప్రాక్టీసు, ఎంత ట్యూనింగ్?

ప్రశ్న: నమస్తే అండీ, మాది విశాఖ మధురవాడ. అక్టోబరులో టెక్సాస్‌లో ఉన్న మా బావ దగ్గరికి వెళ్తున్నాను. వైట్‌టెయిల్ (తెల్లతోక) జింకల్ని విల్లుతో వేటాడే సీజన్‌కి తీసుకెళ్తానన్నాడు. సెకండ్‌హ్యాండ్ కాంపౌండ్ విల్లు (కప్పీలుండే రకం) కొన్నాను. ఆదివారం ఆదివారం పెందుర్తి అవతల మావయ్య తోటలో వంద బాణాలు వేస్తున్నాను. ప్రతిసారీ రెస్ట్ (బాణం ఆనించే ఆసరా) జరపడం, సైట్ (గురి చూసే పరికరం) తిప్పడం. అయినా 20 మీటర్లకే గ్రూపింగ్ కుదరట్లేదు, బాణాలు ఒకచోట పడట్లేదు. ఇంకేం ట్యూన్ చెయ్యాలి?

జవాబు 1: తమ్ముడూ, ముందు ఆ స్క్రూలు తిప్పే అలెన్ కీ తీసి ఇంట్లోవాళ్ల చేతికియ్యి. ఒక్కసారి పేపర్ ట్యూన్ (కాగితం చిరిగే తీరు చూసి విల్లు సరిచేయడం) చేసి వదిలెయ్. చెక్క ఫ్రేముకి న్యూస్‌పేపర్ బిగించి, వెనక టార్గెట్ పెట్టి, రెండు మీటర్ల నుంచి కొట్టు. మొన గుండ్రంగా చిల్లు పెడుతుంది, ఈకలు మూడు గీతలుగా చీలుస్తాయి. రెండూ ఒకేచోట ఉంటే బాణం తిన్నగా పోతున్నట్టే. ఈకల చీలిక మొన చిల్లుకి పైన పడితే రెస్ట్ కాస్త పైకి లేపు, జుట్టుమందమంత. పక్కకి చీలితే మాత్రం విల్లు మీద పడకు, ముందు నీ పిడికిలి చూసుకో. గట్టిగా బిగించి పట్టుకుంటే బాణం అలాగే పక్కకి తన్నుతుంది. కుదిరాక రెస్ట్ ఉన్నచోట సిల్వర్ పెన్నుతో గీత గియ్యి. ఇక ముట్టుకోకు. మన ఉప్పుగాలికి స్క్రూలు తుప్పు పడతాయి, తాడుకి మైనం రాస్తూ ఉండు. ఎండలో కారు డిక్కీలో విల్లు వదలొద్దు.

జవాబు 2: నా లెక్కలో అసలు తప్పు ఆ వంద బాణాలు. నలభై బాణాలు దాటాక భుజం జారుతుంది, ఆ తర్వాత నువ్వు ప్రాక్టీసు చేసేది అలసటనే. వారానికి నాలుగు రోజులు ఇరవై చొప్పున చాలు. పొద్దున్నే ఒళ్లు వేడెక్కకముందు వేసే మొదటి బాణం ఎక్కడ తగిలిందో పుస్తకంలో రాసుకో. జింక నీకు రెండో బాణం ఇవ్వదు. మన కాంపౌండ్ ఆర్చర్ జ్యోతి సురేఖ వేసే పోటీల్లో 50 మీటర్ల దూరంలో పది పాయింట్ల వలయం 8 సెంటీమీటర్లే, నీకంత అక్కర్లేదు. జింక గుండె, ఊపిరితిత్తులు కలిపి ఇంచుమించు టిఫిన్ ప్లేటంత. మొదటి బాణం ప్రతిరోజూ ఆ ప్లేటులో పడే దూరం ఎంతో, వేటలో నీ దూరం అంతే. పదిహేను మీటర్లయితే పదిహేనే, సిగ్గుపడకు. వేట మొనలు మాత్రం బావ దగ్గరే పెట్టి చూసుకో, ప్రాక్టీసు మొనలతో అవి ఒకేచోట పడకపోవచ్చు. తోటలో టార్గెట్ వెనక మట్టిదిబ్బ ఉందా?

జవాబు 3: ఇక్కడ అడవి జంతువుల వేట 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, తెలుసుగా. విల్లు పట్టుకుని కంబాలకొండ అభయారణ్యం వైపు మాత్రం వెళ్లకు బాబూ.

అడిగినవారు: దిబ్బ ఉందన్నా. పేపర్ పెట్టి చూస్తే ఈకలు రెండు అంగుళాలు పైకి చీల్చాయి. తీరా చూస్తే రెస్ట్ స్క్రూ సగం లూజు. బిగించి గీత గీశాను. ఈ పొద్దున మొదటి బాణం ప్లేటు అంచుకి తగిలింది, 15 మీటర్లలో.