అప్‌డేట్: మొత్తానికి మీటింగ్‌కి వెళ్లొచ్చాను

మందు మానడానికి తోడుగా ఏదైనా మీటింగ్ ఉంటుందా, పేరు చెప్పాలా, డబ్బు కట్టాలా అని మొన్న అడిగాను కదా. వెళ్లాను. ఆల్కహాలిక్స్ అనానిమస్, అందరూ ఏఏ అనేస్తారు. 1935లో ఇద్దరు తాగుడు బాధితులు ఒకరికొకరు ఆసరాగా మొదలుపెట్టింది. ఫీజు లేదు, ఇంటిపేరు అడగలేదు.

మొదటిసారి గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చేశాను, అది వేరే సంగతి. రెండోసారి చివరి కుర్చీలో కూర్చున్నా. చేతులు వణుకుతున్నాయని తొడల కింద దాచుకున్నా. పక్కాయన చూసి, తన చేతులు చాపి చూపించాడు. కొంచెం కూడా కదల్లేదు. "నావీ అలాగే ఉండేవి" అన్నాడు, అంతే.

మాట్లాడమని ఎవరూ బలవంతపెట్టలేదు. ఓపెన్ మీటింగ్‌కి ఎవరైనా రావచ్చు, క్లోజ్డ్ అయితే మానాలనుకునేవాళ్లకే. ముందే తెలిస్తే మా ఆవిడనీ తీసుకెళ్లేవాణ్ణి. ఇంట్లోవాళ్ల కోసం అల్-అనాన్ అని విడిగా ఉంది.

తాగుడు మానడానికి ఏఏలో ఒక్కొక్కటిగా పాటించమనే 12 మెట్లలో దేవుడి మాట నాకింకా ఇబ్బందిగానే ఉంది. ఇంకొకటి, రోజూ బాగా తాగేవాళ్లు ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ రావచ్చు. నేను డాక్టర్‌ని కలిశాకే ఆపాను. ఇవాళ్టికి పదకొండో రోజు. గురువారం మళ్లీ వెళ్తున్నా.