హోమ్‌స్కూల్ పిల్లలకి బొమ్మలు, సంగీతం, ప్రకృతి: క్లాసులు లేకుండా నడుస్తుందా?

ఇద్దరుపిల్లలఅమ్మ:
మా పిల్లలకి ఏడు, పదకొండు ఏళ్లు. ఇద్దరూ ఇంట్లోనే చదువుతున్నారు. లెక్కలు, భాష, సైన్సు గాడిన పడ్డాయి కానీ బొమ్మలు, సంగీతం, ప్రకృతి అనేసరికి నాకు టెన్షన్ మొదలవుతుంది. డ్రాయింగ్ వీడియో పెడితే చూసి అచ్చం అలాగే దింపేసి "అయిపోయిందమ్మా" అంటారు, మళ్లీ ఆ కాగితం వైపు కూడా చూడరు. నాకా, పాట రాదు, బొమ్మ రాదు, చెట్ల పేర్లు కూడా పెద్దగా తెలీవు. మూడింటికీ ఆన్‌లైన్ క్లాసుల్లో చేర్పిద్దాం అంటారు మావారు. అంతసేపు స్క్రీన్ ముందు కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేదు. మీ పిల్లలు నిజంగా దేన్ని పట్టుకుని వదల్లేదో చెప్పండి. "వంద యాక్టివిటీలు" లాంటి లిస్టులు మాత్రం వద్దు, నెట్ నిండా అవే.

గొంగళిపురుగు:
బొమ్మల్నీ ప్రకృతినీ వేరు చేయకండి, సగం టెన్షన్ అక్కడే పోతుంది. మరియా సిబిల్లా మెరియన్ అని 1647లో పుట్టిన చిత్రకారిణి ఉంది, ఆవిడ పదమూడేళ్ల వయసు నుంచే పట్టుపురుగుల్ని పెంచుతూ గమనించింది. పురుగులు బురదలోంచి వాటంతటవే పుడతాయని చాలామంది నమ్ముతున్న కాలంలో గుడ్డు, గొంగళిపురుగు, ప్యూపా, సీతాకోకచిలుక అన్నీ అవి తినే మొక్కతో కలిపి ఒకే బొమ్మలో వేసింది. బొమ్మ అందంగా రావాలని కాకుండా చూసింది మర్చిపోకూడదని వేయడం అంటే ఇదే. మీ పదకొండేళ్ల వాళ్లకి ఈ కథ చెప్పి చూడండి.

చేయించేది మాత్రం చాలా చిన్న పని. ఇంటి దగ్గర్లో ఒక్క చెట్టు ఎంచుకోండి. వారానికోసారి దాని దగ్గరికే వెళ్లాలి, ప్రతిసారీ కొత్త చోటు వద్దు. ఒక నోట్‌బుక్, పెన్సిల్, తేదీ, ఆ రోజు వాతావరణం, ఒక బొమ్మ, పక్కన రెండు మాటలు, అంతే. మొదట్లో "ఏముంది, అదే చెట్టు" అని మూలుగుతారు. నాలుగైదు వారాలకి చిగురు రంగు మారిందని, చీమలు వేరే దారి పట్టాయని వాళ్లే గొడవ పడతారు. ఫ్రెంచ్ చిత్రకారుడు మోనే 1890-91లో గడ్డివాముల్ని పాతికసార్లు వేశాడు, ఒక్కోసారి ఒక్కో వెలుగులో. అవి చూపించాక అదే చెట్టుని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి రంగుల్లో వేయమనండి, నీడలో నీలం ఉందని వాళ్లే కనిపెడతారు.

రంగులు తక్కువైనా పర్వాలేదు, కాగితం దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. మామూలు తెల్ల కాగితం మీద వాటర్ కలర్ వేస్తే అలలు అలలుగా లేచిపోతుంది, పిల్లలేమో తమకే చేతకాలేదనుకుంటారు. 300 జీఎస్ఎమ్ అని రాసి ఉండే దళసరి కాగితాన్ని చిన్న ముక్కలుగా కోసి ఇవ్వండి.

తాళంతప్పినవాడు:
సంగీతం నేర్పుతుంటాను కాబట్టి ఆ ముక్క నేను చెప్తాను. పాట రాదని మీరు అనుకుంటున్నారు, ఏడేళ్ల పిల్లకి కచేరీ చేసే అమ్మ అక్కర్లేదండి. హంగరీ స్వరకర్త కొదాయ్ పద్ధతికి మూలమే వాయిద్యం కంటే ముందు గొంతు అన్నది. జపాన్ సుజుకి పద్ధతిలో కూడా ముందు చెవి, స్వరలిపి చదవడం తర్వాత. కాబట్టి కలిసి పాడండి, నడుస్తూ చప్పట్లతో లయ పట్టండి, ఒకళ్లు వేసిన దరువు ఇంకొకళ్లు తిప్పి కొట్టాలి.

ఇంకోటి, సీసాల్లో నీళ్లు పోసే ఆట. ఒకే రకం గాజు సీసాల్లో వేర్వేరు మట్టాల్లో నీళ్లు పోసి చెంచాతో కొడితే, నీళ్లు ఎక్కువున్న సీసా మంద్రంగా, లావు గొంతులా పలుకుతుంది. అవే సీసాల మూతి దగ్గర పెదాలు పెట్టి ఊదితే సరిగ్గా తిరగబడుతుంది, నీళ్లు ఎక్కువున్నదే కీచుగా పలుకుతుంది. కొట్టినప్పుడు కంపించేది గాజు, నీళ్లు కలిసి. నీళ్లు పెరిగితే బరువు పెరిగి కంపనం నెమ్మదిస్తుంది. ఊదినప్పుడు కంపించేది లోపలి గాలి, నీళ్లు పెరిగితే దానికి చోటు తగ్గుతుంది. ముందే చెప్పేయకండి! పెద్దవాడిని ఊహించమని, తర్వాత చేయించండి.

అయితే ఒక మాట. పిల్లకి ఏదైనా వాయిద్యం మీద నిజంగా మనసు పడితే మాత్రం గురువు ఉండాల్సిందే, వీలైతే ఎదురుగా కూర్చుని నేర్పేవాళ్లు. వయొలిన్ పట్టుకోవడం, మణికట్టు ఉంచే తీరు వీడియో చూసి కుదిరేవి కావు. తప్పు అలవాటు పడ్డాక దిద్దడం మాకు చచ్చే చావు.

రెండోఅంతస్తు:
చెట్టు సలహా బాగుంది కానీ అందరికీ దగ్గర్లో చెట్టు ఉండదు. కిటికీ చాలు. శబ్దాల పటం అని ఒకటి చేయించండి: కాగితం మధ్యలో 'నేను' అని చుక్క పెట్టి, కళ్లు మూసుకుని, శబ్దం ఏ వైపు నుంచి ఎంత దూరంలో వినబడితే అక్కడ ఒక గుర్తు పెట్టాలి. పేర్లు రాయకూడదు, శబ్దం ఎలా ఉందో గీతలోనే చూపించాలి. పిట్ట ఏదో తేల్చడానికి మెర్లిన్ యాప్ ఉంది, కూత విని పేరు చెప్తుంది. కాకపోతే ఫోన్ తీసేది చివర్లో, పిల్లలు తమ ఊహ చెప్పాకే. చందమామ కూడా కిటికీలోంచి బాగా పనికొస్తుంది, రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తుంది కదా, టైము రాసుకుంటూ పోతే లెక్కల క్లాసు కూడా అందులోనే అయిపోతుంది.

ఇద్దరుపిల్లలఅమ్మ:
అందరికీ థాంక్సండి. సీసాల ఆట ఇవాళే మొదలుపెట్టేశారు, ఇల్లంతా ఊదుడే. ఒక్క సందేహం: చిన్నది వేసిన బొమ్మ చూసి పెద్దాడు "ఇది చెట్టులా లేదు" అని నవ్వుతాడు, అది పుస్తకం మూసేస్తుంది. ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టాలా, విడిగానా?

గొంగళిపురుగు:
కలిపే కూర్చోబెట్టండి, పని మాత్రం వేరు చేయండి. పెద్దాడు ఆకు ఈనెలు కొలిచి గీస్తాడు, చిన్నది రంగులు కలిపి ఆ ఆకుపచ్చని పట్టుకోవాలి. లేదంటే ఇద్దరూ కాగితం వైపు చూడకుండా, కళ్లు ఆకు మీదే ఉంచి ఒకే గీతలో వేయాలి. అలా వేస్తే అందరి బొమ్మలూ వంకరగానే వస్తాయి, పెద్దాడిది కూడా. మీరు కూడా వేయండి.