ఆఫ్‌సీజన్‌లో డెడ్‌లిఫ్ట్: స్లాలమ్ వాటర్‌స్కీయర్లకు మిక్స్‌డ్ గ్రిప్ పనికొస్తుందా?

కొత్తతాడు:
సీజన్ అయిపోయింది. మళ్లీ నీళ్లలోకి దిగడానికి ఐదు నెలలుంది. బోటు గంటకి 58 కి.మీ. వేగంలో లాగుతుంటే 13 మీటర్ల తాడుతో బోయ్‌లన్నీ (నీళ్లలో తేలే గుర్తు బంతులు) చుట్టి రాగలుగుతున్నా. తాడు పొట్టయ్యేకొద్దీ కష్టం కదా, 12కి తగ్గించగానే మూడో బోయ్ దగ్గర వేళ్లు విడిపోతున్నాయి. ఈ ఖాళీలో డెడ్‌లిఫ్ట్ (నేల మీది బార్‌ని పట్టుకుని నిటారుగా లేవడం) మొదలుపెడదామని ఉంది. హ్యాండిల్‌ని ఎలాగూ ఒక అరచెయ్యి పైకి, ఒకటి కిందికి పెట్టి పట్టుకుంటాం కదా. బార్‌ని కూడా అలాగే మిక్స్‌డ్ గ్రిప్‌తో లాగితే పట్టు కూడా పెరుగుతుందా?

పదకొండుంబావు:
వద్దు. సీజనంతా అదే చెయ్యి పైకి తిరిగి ఉంటుంది, ఒకే స్కీ మీద అదే కాలు ముందుంటుంది. ఆ వంకరని జిమ్‌లోకి కూడా మోసుకెళ్తే ఇక సరిచేసుకునేదెప్పుడు? పైగా బరువు పెరిగాక, పైకి తిరిగిన చెయ్యి మోచేతి దగ్గర కొంచెం వంగినా బైసెప్స్ టెండన్ (జబ్బ కండని ఎముకకి అతికించే పట్టీ) తెగే ప్రమాదం ఉంది.

రెండు అరచేతులూ నీ వైపే ఉండాలి. 3 నుంచి 5 రెప్స్ (వరసగా ఎత్తే సార్లు), 4 సెట్లు, మధ్యలో 3 నిమిషాల విరామం. పట్టు జారే సెట్‌కి స్ట్రాప్స్ (మణికట్టుని బార్‌కి బిగించే పట్టీలు) కట్టు, పట్టుకి విడిగా పనిచెయ్యి: బార్‌కి 30 సెకన్లు వేలాడటం మూడుసార్లు, రెండు చేతులా బరువులతో 30 మీటర్ల నడక నాలుగుసార్లు. తర్వాత చిన్న డంబెల్‌తో మణికట్టు పైకెత్తడం, 15 చొప్పున 3 సెట్లు, దింపేటప్పుడు మాత్రం బాగా నిదానంగా. ఈ చివరిది ఎవరూ చెయ్యరు. మోచేతి బయటిపక్క నొప్పి మొదలయ్యాకే గుర్తొస్తుంది.

ఎడమకాలు_ముందు:
స్ట్రాప్సా? నీళ్ల మీదికి కూడా కట్టుకునే వెళ్తారా గురువుగారూ? సెట్టు సెట్టుకీ చేతులు మార్చుకుంటే ఏ వంకరా రాదు, కావాల్సిన పట్టూ వస్తుంది.

కోర్సు 259 మీటర్లు, 58 కి.మీ. వేగంలో 16 సెకన్ల చిల్లర. బోటు దారి పొడవున కొలిస్తే బోయ్‌కి బోయ్‌కి మధ్య 41 మీటర్లు, అంటే రెండున్నర సెకన్లు. అందులో గట్టిగా ఒరిగి లాగేది సగం కూడా ఉండదు. ఆ కాసేపట్లో ఎంత బలం వస్తే అంతే లెక్క. 15 రెప్స్ సెట్లు, గంటసేపు పరుగులు అన్నీ కట్టిపెట్టి తక్కువ రెప్స్‌తో బరువెత్తు.

అలలేని_పొద్దు:
డెడ్‌లిఫ్ట్ వల్లే నా నడుము పోయింది. స్కీయర్లు దాని జోలికి పోకూడదు. అంతే.

ఎడమకాలు_ముందు:
@అలలేని_పొద్దు ఏ బార్, ఎంత బరువు, సీజన్ అయిన ఎన్నాళ్లకి? ఇవేవీ చెప్పకుండా "అంతే" అంటే ఎలా బ్రదర్? సీజన్ చివరికి నడుము అలసిపోయి ఉంటుంది. రెండు మూడు వారాలు బరువు ముట్టకూడదు. ఆ తర్వాత ట్రాప్ బార్‌తో (మనిషి మధ్యలో నిలబడి ఎత్తే చట్రం) మొదలుపెడితే బరువు మనిషికి ముందు కాకుండా రెండు పక్కలా ఉంటుంది, నడుము మీద భారం తగ్గుతుంది.

తీరం_నుంచి:
ట్రాప్ బార్ పిడులు రెండు పక్కలా ఉంటాయి, అరచేతులు లోపలికే చూస్తాయి. దాని మీద మిక్స్‌డ్ గ్రిప్ ఎలా పడతారో కాస్త చెప్పండి 🙂

ఎడమకాలు_ముందు:
మొదలుపెట్టడానికి ట్రాప్ బార్ అన్నాను. జీవితాంతం అదే అనలేదు. చదివి రాయండి.

నిదానం_ప్రధానం:
చేతుల దగ్గరే ఆగిపోయారు అందరూ. పడినప్పుడు పోయేది తొడ వెనక కండరం. స్కీ ముక్కు నీళ్లలోకి దిగి మనిషి ముందుకి ఎగిరి పడితే, మోకాలు చాచి ఉండగా తుంటి ఒక్కసారిగా మడతపడుతుంది. హ్యామ్‌స్ట్రింగ్ పిరుదు ఎముక దగ్గర్నుంచే ఊడి రావచ్చు. అందుకని రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ (మోకాళ్లు కొద్దిగానే వంచి, తుంటి దగ్గర వంగి లేవడం) 6 నుంచి 8 రెప్స్, నార్డిక్ కర్ల్ (మోకాళ్ల మీద ఉండి, మడమలు ఎవరైనా పట్టుకోగా ఒళ్లు నిదానంగా ముందుకి వాల్చడం) వారానికి రెండుసార్లు. కర్ల్ మొదట్లో 3 రెప్స్ చొప్పున 2 సెట్లు చాలు. ఎక్కువ చేస్తే మర్నాడు మెట్లు దిగలేవు.

రెండోది, ముందుకాలి చీలమండ. అది వంగకపోతే ఒళ్లు వెనక కాలి మీదికి జారుతుంది, స్కీ తిరగదు. పాదం నేల మీద పెట్టి, మడమ లేవకుండా మోకాలు గోడకి తాకించు. బొటనవేలికీ గోడకీ మధ్య 10 సెంటీమీటర్లయినా రావాలి. రెండు కాళ్లకీ తేడా ఎక్కువుంటే ముందు దాని సంగతి చూడు.

పరుగు దండగ అన్న మాటకి కూడా నేను ఒప్పుకోను. నీళ్ల మీద ఒక సెట్టులో ఆరు నుంచి ఎనిమిది పాస్‌లు (ఒక చివర్నుంచి ఇంకో చివరికి కోర్సు దాటడం) చేస్తాం. మధ్యలో ఊపిరి కుదుటపడాలంటే కొంత దమ్ము కావాలి. మొదటి నెల తేలికపాటి సైక్లింగ్, తర్వాత రోయింగ్ మెషీన్ మీద 20 సెకన్లు గట్టిగా, 90 సెకన్లు నెమ్మదిగా, ఎనిమిది సార్లు.

ఎడమకాలు_ముందు:
ఇదంతా ఫిజియోథెరపీ గదిలో పని. పోటీకి వెళ్లేవాడు అడిగితే దెబ్బ తగలకుండా బతికెలా బయటపడాలో చెప్తారేంటి? ఈ వేదికలో ఎప్పుడూ ఇంతే, బలం పేరెత్తగానే పదిమంది అడ్డం పడతారు.

పదకొండుంబావు:
బలం వద్దని ఎవరన్నారు? ఎందుకు అనేదే గొడవ. బోయ్‌లు మధ్యగీతకి 11.5 మీటర్ల దూరం. తాడు 11.25కి వచ్చాక హ్యాండిల్ ఎంత లాగినా బోయ్ దాకా అందదు, ఒరిగిన ఒళ్లూ చాచిన చెయ్యే అందుకోవాలి. అక్కడ బలవంతుడు చేసే తప్పొకటే: బోటు వెనక అల దాటాక కూడా లాగుతూనే ఉంటాడు. వేగం మిగిలిపోయి బోయ్ దగ్గర తాడు వదులవుతుంది, మళ్లీ బిగిసేటప్పుడు జాడించి లాగుతుంది. జిమ్ స్కోరులో బోయ్‌లు పెంచదు, స్కీయర్ చెడిపోకుండా కాపాడుతుంది. దానికోసమే బరువెత్తాలి.

ఎడమకాలు_ముందు:
ఇప్పుడు బయటపడింది అసలు మాట. జిమ్ బోయ్‌లు పెంచదా? తిరిగాక తాడు మొదటిసారి బిగిసినప్పుడు బలం లేనివాడు తుంటి దగ్గర మడతపడతాడు. పిరుదులు వెనక్కి, భుజాలు ముందుకి. ఇక ఆ పాస్‌లో బోయ్ దాకా పక్కకి వెళ్లేంత వెడల్పు రాదు. నిటారుగా నిలబడగలిగినవాడు అల దగ్గరే లాగడం ఆపెయ్యగలడు. ఎక్కువసేపు లాగేది బలం ఉన్నవాడు కాదు, మొదట్లో బలం చాలనివాడు!

నిదానం_ప్రధానం:
ఇద్దరూ కదలకుండా నిలబడే బలం గురించే మాట్లాడుతున్నారు. అలాగైతే బార్‌ని ర్యాక్ పిన్నుల కింద తొడ మధ్య ఎత్తులో ఇరికించి, 5 సెకన్లు కదలకుండా లాగు, 5 సార్లు. నీళ్లలోకి దిగే ముందు ఆరు వారాలు.

పదకొండుంబావు:
@కొత్తతాడు వీడియో ఉంటే చూడు. వేళ్లు విడిపోయేది లాగేటప్పుడా, వదులైన తాడు బిగిసేటప్పుడా?

కొత్తతాడు:
బిగిసేటప్పుడే. ఎక్కువగా ఆఫ్‌సైడ్ (నాకు తిరగడం కష్టమైన పక్క) తిరిగాక.

పదకొండుంబావు:
అయితే నీకు కావాల్సింది పట్టు కాదు. సీజన్ మొదట్లో 13 దగ్గరే ఉండి అల దాటగానే లాగడం ఆపడం నేర్చుకో. టెండన్లు కండరాలంత త్వరగా గట్టిపడవు కాబట్టి మొదటి మూడు వారాలు నీళ్ల మీద రోజుకి ఒక్క సెట్టు మించొద్దు.

ఎడమకాలు_ముందు:
అదే కుదుపుని పట్టుకోగలిగితే నాలుగో బోయ్ స్కోరులో పడేది. జడ్జిలు భంగిమకి మార్కులెయ్యరు. బరువెత్తు తమ్ముడూ, చేతులు మార్చుకుంటూ.