నాటకం, థ్రిల్లర్, సాయుధ పోరాట చరిత్ర: ఏది ముందు చదవాలె?

హన్మకొండ_చదువరి:
ఆరుగురం కలిసి నెలకో పుస్తకం చదువుదామనుకుంటున్నం. ఒకరికి పాత నాటకం కావాలె. ఇద్దరికి థ్రిల్లర్ తప్ప ఇంకేది ఎక్కది. మిగిలినోళ్లు తెలంగాణ సాయుధ పోరాటం అంటున్నరు. ఏ వరుసల పెట్టుకోవాలె? ఏ ప్రతి కొనాలె?

అంకం_ఏడు:
కన్యాశుల్కంతో మొదలుపెట్టండి. కొనేముందు అంకాలు లెక్కపెట్టండి. ఏడుంటే గురజాడ తిరగరాసిన 1909 ప్రతి, ఐదే ఉంటే 1897 నాటి మొదటి కూర్పు. మధురవాణి పాత్ర విశ్వరూపం 1909 దాంట్లోనే. కొందరి చేతిలో అది, కొందరి చేతిలో ఇది ఉంటే మొదటి వారమే చర్చ గందరగోళం.

మనసులో చదువుకుంటే విజయనగరం యాస దగ్గరా, గిరీశం ఇంగ్లీషు దగ్గరా మనవాళ్లు ఆగిపోతారు. పాత్రలు పంచుకుని పైకి చదవండి, నవ్వు దానంతటదే వస్తుంది. వారానికి రెండు అంకాలు. ఏడోదానికి నాలుగో వారం మొత్తం వదిలెయ్యండి.

యుగంధర్_ఫ్యాన్:
థ్రిల్లర్ల సంగతి నేను చెప్త. యండమూరి తులసిదళం ముందు, తులసి తర్వాత. ఉల్టా చదివితే చేతబడి జరిగిన పాప బతుకుతదని ముందే తెలుస్తది, ఇగ భయమేముంది? చేతబడి వద్దంటే అభిలాష. ఉరిశిక్ష రద్దు కావాలనే లాయరు కథ. 1983 సినిమా చూసినోళ్లకు సగం మజా పోతది, ముందే అడిగి పెట్టుకోండి. కొమ్మూరి రాసిన డిటెక్టివ్ యుగంధర్ నవలలకు వరుస లేదు, ఏది దొరికితే అది.

కడవెండి_దారి:
చరిత్రకు రెండు నెలలు కావాలె, ఎందుకంటే ఒక్క పుస్తకంతో పని కాదు. సుందరయ్య రాసిన 'వీర తెలంగాణ విప్లవ పోరాటం, గుణపాఠాలు' కమ్యూనిస్టు పార్టీ నాయకుడి లెక్క. దాని పక్కన రావి నారాయణరెడ్డి జ్ఞాపకాలు పెట్టండి. ఆయనదీ 'వీర తెలంగాణ' అనే పేరుతోనే మొదలైతది, లైబ్రరీల రచయిత పేరు చెప్పి అడగకుంటే ఒకటికి ఇంకోటి చేతిల పెడ్తరు.

1948 సెప్టెంబర్‌ల భారత సైన్యం నిజాం రాజ్యంలకొచ్చిన పోలీసు చర్య దాకా ఇద్దరి దారి ఒకటే. ఆ తర్వాత తుపాకి పట్టుకునుండుడు సరైందా కాదా అన్నకాడ విడిపోతరు. 1951 అక్టోబర్‌ల పోరాటం విరమించిన్రు. ఆ మూడేండ్ల అధ్యాయాలే పక్కపక్కన పెట్టి చదవండి, మిగతాది వేగంగ తిప్పినా నష్టం లేదు. ఇద్దరూ మగోళ్లే, నాయకులే. అందుకే పోరాటంల ఉన్న ఆడోళ్ల మాటలతోని స్త్రీశక్తి సంఘటన అనే మహిళా సంఘం తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' సుత తప్పకుండ ఉండాలె.

పటం దగ్గర పెట్టుకోండి. 1946 జులై 4న పోరాటంల తొలి అమరుడు దొడ్డి కొమరయ్య చనిపోయిన కడవెండి పుస్తకాలల్ల నల్లగొండ జిల్లా, ఇప్పుడు జనగామ జిల్లా. ఖమ్మం అప్పుడు వరంగల్‌ల భాగం. ఇది తెల్వకుంటే ఊర్లు దొరకవు.

అంకం_ఏడు:
నాటకానికీ చరిత్రకూ మధ్య 'మా భూమి' పెట్టండి. సుంకర, వాసిరెడ్డి ఈ పోరాటం మీదే 1947లో రాసిన నాటకం. సినిమా చూశాం కదా అని దాటెయ్యకండి, ఆ సినిమాకు మూలం ఈ నాటకం కాదు, కృష్ణచందర్ ఉర్దూ నవల.

హన్మకొండ_చదువరి:
పీవీ 'లోపలి మనిషి' చరిత్ర కింద పెట్టొచ్చా సార్?

కడవెండి_దారి:
వద్దు. అది నవల, రాష్ట్రం పేరే అఫ్రోజాబాద్ అని కల్పించిండు. థ్రిల్లరోళ్ల నెలల పెట్టండి, కుర్చీల కోసం ఎత్తులు పైఎత్తులు వాళ్లకు నచ్చుతయి.