"పై అధికారులకు లోబడియుండవలెను": పౌలు మాట, పాలకుల వాడకం

ప్రశ్న:
రోమీయులకు వ్రాసిన పత్రిక 13వ అధ్యాయం మొదటి వచనం ఇది: "ప్రతివాడును పై అధికారులకు లోబడియుండవలెను, ఏలయనగా దేవునివలన కలిగినది తప్ప మరి ఏ అధికారమును లేదు." ఇక్కడ 'పై అధికారులు' అంటే ఎవరు? ప్రభుత్వాన్ని ఏ క్రైస్తవుడైనా తప్పుపడితే చాలు, ఈ వచనం తీసి నోరు మూయిస్తున్నారు. వాక్యం నిజంగా అంత మాట అంటోందా?

జవాబు:
'అధికారి' అనగానే మనకు కుర్చీ, సంతకం, కార్యాలయం గుర్తుకొస్తాయి. గ్రీకు మూలంలోని 'ఎక్సూసియా' అంత ఇరుకైన మాట కాదు. పాలించే శక్తికీ, ఆ శక్తి గలవారికీ కూడా చెల్లుతుంది. అయితే మీ సందేహం ఈ అర్థంతో తీరేది కాదు. ఈ అధ్యాయాన్ని ఎవరు, ఎవరికి, ఎక్కడిదాకా చదివి వినిపిస్తున్నారో చూడాలి.

1985 ఈస్టర్‌కు దక్షిణాఫ్రికా అధ్యక్షుడు పి.డబ్ల్యు. బోతా మోరియాకు వెళ్లాడు. జియాన్ క్రిస్టియన్ చర్చి విశ్వాసులు ఏటా ఆ పండుగకు లక్షల్లో చేరే చోటు అది. దాదాపు అందరూ నల్లజాతివారే, జాతీయ ఎన్నికల్లో ఓటు లేనివారే. వాళ్ల ముందు నిలబడి బోతా ఎత్తుకున్నది ఈ 13వ అధ్యాయాన్నే. ఎన్నుకునే హక్కు ఇవ్వకుండా లోబడే బాధ్యతను మాత్రం గుర్తుచేయడం! అదే ఏడాది జూలైలో దేశంలోని అనేక జిల్లాల్లో అత్యవసర పరిస్థితి విధించారు. సెప్టెంబరులో 150 మందికి పైగా పాస్టర్లు, వేదాంతులు, సంఘ సేవకుల సంతకాలతో 'కైరోస్ పత్రం' వెలువడింది.

వర్ణవివక్షకు దైవముద్ర వేసే బోధకు ఆ పత్రం 'రాజ్య వేదాంతం' అని పేరు పెట్టి, మొట్టమొదట ఈ వచనం సంగతే తేల్చింది. పౌలు ఒక కాలంలో, ఒక సంఘానికి రాసిన మాటను అన్ని ప్రభుత్వాలకూ చెల్లే శాసనంగా మార్చకూడదన్నది వాళ్ల వాదం. నాలుగో వచనంలో పాలకులు 'దేవుని పరిచారకులు', అదీ జనం మేలు కోసం. మరి పరిచారకుడు ఆ పని మానేసి జనాన్నే కాల్చుకు తింటే? అప్పుడు ప్రకటన గ్రంథం 13వ అధ్యాయం చదవమన్నారు. అక్కడ రాజ్యం క్రూరమృగం.

ఒక అభ్యంతరం:
మాస్టారూ, మరి రెండో వచనం మాటేమిటి? "అధికారమును ఎదిరించువాడు దేవుని నియమమును ఎదిరించుచున్నాడు" అని సూటిగానే ఉంది కదా. మనకు ఇబ్బందైన చోటల్లా 'సందర్భం' అని తప్పించుకుంటే అవతలివారూ అదే పని చేయరా?

జవాబు:
చేస్తారు, చేశారు కూడా. అందుకే సందర్భాన్ని బయటి నుంచి తేకుండా అధ్యాయంలోనే వెతకాలి. ఏడో వచనం చూడండి: "ఎవనికి పన్నో వానికి పన్నును, ఎవనికి సుంకమో వానికి సుంకమును". ఈ పత్రిక సుమారు క్రీ.శ. 57 నాటిదని పండితుల అంచనా. అప్పుడు నీరో ఏలుబడి. మరుసటి ఏడాది పన్ను వసూలుదారుల మీద జనం గగ్గోలు పెట్టారని చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. రోములో గుప్పెడు మంది ఉన్న సంఘాన్ని పన్నుల గొడవలో ఇరుక్కోవద్దని హెచ్చరించడం పౌలు ఉద్దేశమని నాకు అనిపిస్తుంది. దీంతో రెండో వచనం పదును పూర్తిగా పోదు, నిజమే.

అపొస్తలుల కార్యములు 5:29లో పేతురు మాట కూడా పక్కన పెట్టుకోండి: "మనుష్యులకు కాదు దేవునికే మేము లోబడవలెను గదా." తెలుగులో రెండు చోట్లా 'లోబడు' ఒక్కటే కాబట్టి వచనాలు ఢీకొన్నట్టు వినిపిస్తాయి. గ్రీకులో క్రియలు వేరు. పౌలు వాడినది ఒక క్రమంలో కింద నిలవడం. పేతురు వాడినది ఆజ్ఞను పాటించడం. ఆజ్ఞను కాదని, దాని శిక్షను మాత్రం తలవంచి అనుభవించే దారి ఈ రెంటి మధ్య ఉంది.

ఆ దారిన నడిచిన మనిషి బేయర్స్ నౌడే. తెల్లజాతి ఆఫ్రికానర్. దేశాన్ని వెనక నుంచి నడిపించిన బ్రూడర్‌బాండ్ అనే రహస్య సంస్థను స్థాపించినవారిలో ఆయన తండ్రి ఒకరు. కొడుకు కూడా ఏళ్ల తరబడి అందులో సభ్యుడే. జాతుల కలయిక కోసం పెట్టిన క్రిస్టియన్ ఇన్‌స్టిట్యూట్ బాధ్యతా, పాస్టరు పదవీ రెండూ కుదరవని ఆయన పాస్టరుగా ఉన్న డచ్ రిఫార్మ్డ్ చర్చి తేల్చిచెప్పింది. 1963 సెప్టెంబరులో జోహన్నెస్‌బర్గ్‌లోని తన సంఘానికి ఈ 5:29 మీదే ప్రసంగించి, అంగీ విప్పి ప్రసంగవేదికకు తగిలించి బయటికి నడిచాడు. 1977 నుంచి 1984 దాకా ప్రభుత్వం ఆయన్ని నిషేధంలో ఉంచింది: సభలకు వెళ్లకూడదు, ఆయన మాటను పత్రికలు అచ్చువేయకూడదు. 1985లో, వర్ణవివక్షను ఎదిరించిన నల్లజాతి బిషప్ డెస్మండ్ టుటు తరువాత దక్షిణాఫ్రికా చర్చిల మండలికి ప్రధాన కార్యదర్శి అయ్యాడు.

మరో సభ్యురాలు:
ఆయన్ని బయటికి పంపిన చర్చి తరువాత ఏమైనా అన్నదా అండీ?

జవాబు:
అన్నదమ్మా, చాలా ఆలస్యంగా. 1990 నవంబరులో రస్టెన్‌బర్గ్‌లో చర్చిలన్నీ కలిసిన సభలో డచ్ రిఫార్మ్డ్ చర్చికి చెందిన ఆచార్యుడు విల్లీ యోంకర్ లేచి, తన తరఫునా తన చర్చి తరఫునా వర్ణవివక్ష పాపాన్ని ఒప్పుకున్నాడు. టుటు అక్కడికక్కడే క్షమించానన్నాడు. నల్లజాతి ప్రతినిధుల్లో కొందరికి అది రుచించలేదు. అందరి తరఫునా క్షమించే హక్కు టుటుకు ఎవరిచ్చారని అడిగారు.