అమెరికాలో తయారైన సాకెట్ సెట్ ఇప్పుడు ఏది కొనాలి?

డాలస్‌లో ఉంటాం. పక్కింటి పెద్దాయన ఇల్లు ఖాళీ చేస్తూ తన పాత క్రాఫ్ట్స్‌మన్ రాచెట్ (నట్లు, బోల్టులు తిప్పే పనిముట్టు) నాకిచ్చారు, పిడి మీద వీ అక్షరం, ఫోర్జ్‌డ్ ఇన్ యూఎస్ఏ అని ఉంది, తిప్పితే ఇప్పటికీ గడియారంలా టిక్కుటిక్కుమంటుంది. దానికి జోడీగా సాకెట్లు (రాచెట్‌కి తగిలించి నట్టు మీద తొడిగే గిన్నెల్లాంటివి) కొందామని చూస్తే తల తిరిగింది. 1927లో సియర్స్ అనే స్టోర్ల కంపెనీ మొదలుపెట్టిన బ్రాండ్ ఈ క్రాఫ్ట్స్‌మన్, విరిగితే ఊరికే కొత్తది ఇచ్చేవారు. 2017లో స్టాన్లీ బ్లాక్ అండ్ డెకర్ అనే పనిముట్ల కంపెనీ కొనేసింది, మళ్లీ అమెరికాలోనే చేస్తామని మా పక్కనే ఫోర్ట్‌వర్త్‌లో ఫ్యాక్టరీ పెట్టి, కొత్త ఆటోమేటిక్ మిషన్లు కుదరక 2023లో మూసేస్తున్నామన్నారు! ఇప్పుడు షాపులో ఏ పెట్టె తిప్పి చూసినా చైనా, లేకపోతే తైవాన్. తైవాన్ సరుకు చెడ్డదని నేననను, మా తమ్ముడు అదే వాడతాడు.

నా పనల్లా కారు బ్రేక్ ప్యాడ్లు, ఆయిల్ మార్చుకోవడం, అంతే. దానికి ఒహాయోలో చేసే రైట్ టూల్ (Wright Tool) కంపెనీ సెట్‌కి అంత డబ్బు పెట్టడం దండగా? లేక ఇళ్ల దగ్గర పాత సామాను అమ్మే గరాజ్ సేల్స్‌లో పాతవే ఏరుకోనా? అలా అయితే లోపల పళ్లు అరిగిన రాచెట్‌ని అక్కడికక్కడే ఎలా పట్టుకోవాలి? వాడినవాళ్లు చెప్పండి ప్లీజ్.