అప్‌డేట్: పై అంతస్తు బడ్జెట్‌లో మారినవి

హైదరాబాద్‌లో పాత ఇంటిపై 1,200 చదరపు అడుగుల ఇటాలియన్ మార్బుల్ అంతస్తుకు బడ్జెట్ ఎలా వేయాలని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. మీరు చెప్పినట్టే, ఫినిషింగ్ కంటే ముందు పిల్లర్ల పరీక్షకే డబ్బు కేటాయించాను. అది చాలా మంచిదయింది.

పాత పిల్లర్ల నుంచి పైకి వదిలిన 16 మి.మీ. చువ్వలు తుప్పుతో పొరలుగా రాలుతున్నాయి. కొత్త చువ్వను పాతదానికి అతకాలంటే చువ్వ వ్యాసానికి 50 రెట్లు, అంటే 800 మి.మీ. గట్టి చువ్వ కావాలి. అందుకే కాంక్రీటు చెక్కి, రంధ్రాలు వేసి, కెమికల్ జిగురుతో కొత్త చువ్వలు దించే పని ఎస్టిమేట్‌లో చేరింది.

మార్బుల్ ధర ఒక్కటే చూస్తే మోసపోతాం. 18 మి.మీ. రాయి, కింద 40 మి.మీ. సిమెంటు మాలు కలిపితే చదరపు మీటరుకు దాదాపు 130 కిలోలు. స్లాబ్ డిజైన్‌లో ఈ బరువు ముందే ఉండాలి. వృథాకు 15 శాతం కలిపి 1,380 చదరపు అడుగులు ఒకే లాట్‌లో తీసుకోవాలి. తర్వాత కొంటే రాయిలోని గీతలు కలవవు. ఎపాక్సీ (రాయి పగుళ్లు, సందులు నింపే జిగురు), పాలిష్ వేరే ఖర్చు.

బాత్రూమ్‌లో గోడకు బిగించే కమోడ్ ఫ్రేమ్, గోడ లోపలి డైవర్టర్ (నీటిని షవర్‌కో కుళాయికో మళ్లించేది) ప్లాస్టరింగ్‌కు ముందే సైట్‌లో ఉండాలి. కొటేషన్‌లో 18 శాతం జీఎస్టీ కలిసిందో లేదో రాయించుకోండి. అత్యవసరానికి 15 శాతం పక్కన పెట్టాను.